నిటారు కుర్చీ

మీరు ఆ ఇంటికి వచ్చారు. ఫ్యాను కింద కూర్చున్నారు, మంచినీళ్ళు తాగారు, పాపని చూసి నవ్వారు. పాప నిటారుగా కూర్చుందని రాసుకున్నారు, లేచి వెళ్ళిపోయారు. ఆ పాప దేని ఆసరాతో అలా కూర్చుందో అడగలేదు. మీరు గుమ్మం దాటిన మరుక్షణం ఏమైందో వెనక్కి తిరిగి చూడలేదు. కళ్ళముందే కరిగిపోతున్న బిడ్డని పెట్టుకుని ఆ ఇల్లు ఈదుకొస్తుంటే, దానికి చేయి అందించాలా వద్దా అని తేల్చడానికి మీకు గ్లాసుడు నీళ్ళు తాగినంత సేపు సరిపోయింది. తప్పు మీది.

ఆ పాప తండ్రిని, సీట్ల మేస్త్రీని అడిగితే మాత్రం కాదంటాడు. తప్పు నాదే అంటాడు. ఒళ్ళు మండేది అక్కడే. చేయాల్సినవాళ్ళు హాయిగా ఫ్యాను కింద ఉంటారు, మోసేవాడు గుండెలు బాదుకుంటాడు. అలాగని మేస్త్రీ ఏ పాపమూ ఎరగనివాడూ కాదు. అతనేం చేశాడో దాచకుండా చెప్పుకోవాలి. దాచడం వల్లే కదా ఇదంతా వచ్చింది.

అతని పని బస్సులకి సీట్లు కుట్టడం. బస్సుల షెడ్డులో చిరిగిన సీట్లు గుట్టగా పడి ఉండే మూల అతనిది. పాత రేగ్జిను ఊడబీకి, లోపలి స్పాంజి ఎంత చచ్చిందో నొక్కి చూసి, కొత్తది కోసి అతికించి, పైన రేగ్జిను బిగలాగి మేకులు కొడితే ఆ సీటు మళ్ళీ జనాన్ని మోస్తుంది. "మేస్త్రీ కుట్టిన సీటెక్కితే డ్రైవరు దిగడు" అని షెడ్డులో ఓ హాస్యం. ఒకాయన నిజంగానే డ్యూటీ దిగాల్సింది పోయి సీట్లోనే గుర్రు పెట్టాడు, అప్పట్నుంచీ ఆ మాట పాతుకుపోయింది. మేస్త్రీకి ఆ మాటంటే లోలోపల మహా మురిపెం.

ఇంట్లో మూడు ప్రాణాలు. మేస్త్రీ, అతని భార్య, వాళ్ళ కూతురు. కూతుర్ని అందరూ పిలిచేది జడ్జమ్మ అని. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ఆ పిల్లకి తీర్పులు చెప్పడమే పని. అమ్మానాన్నా గొడవపడితే మధ్యలో కూర్చుని ఇద్దరి వాదనా వినేది. "నాన్నది తప్పు. ఇవాళ గిన్నెలు నాన్నే తోమాలి" అనేది. అప్పీలు ఉండేది కాదు. మేస్త్రీ నిజంగానే గిన్నెలు తోమేవాడు.

నడక వచ్చినట్టే వచ్చి జారిపోయింది. మెట్టు ఎక్కబోయి కూలబడేది, లేవలేక చేతులతో నేలని తోసుకునేది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ నాన్చకుండా చెప్పింది. ఒంట్లో కండరాలు ఒక్కొక్కటే చేతులెత్తేసే జబ్బు ఇది. ముందు కాళ్ళు, తర్వాత నడుము, తర్వాత మెడ, చివరికి ఊపిరి తీయించే కండరాలు. పోయింది వెనక్కి రాదు. "ఎన్నాళ్ళని నన్నడక్కండి. ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల ఎలా ఉండాలన్నది అడగండి, దానికి నేను తోడుంటాను" అంది. పదేళ్ళు నిండేసరికి మెడ కూడా నిలవడం మానేసింది. తీర్పులు మాత్రం మానలేదు.

ఇలాంటి బిడ్డలున్న ఇళ్ళకి సాయం చేసే కేంద్రం ఒకటుంది. అక్కణ్ణుంచి రోజూ తెల్లారగానే ఒకావిడ వచ్చేది. ఆవిణ్ణి అందరూ అక్క అనేవాళ్ళు. వచ్చి జడ్జమ్మకి స్నానం చేయించేది. కాళ్ళూ చేతులూ మెల్లగా వంచి చాచేది. బోర్లా పడుకోబెట్టి వీపు మీద గుల్లగా వంచిన చేత్తో తట్టి కఫం కదిలించేది. మెత్తగా చేసిన ముద్దలు గొంతుకడ్డం పడకుండా తినిపించేది. ఆ కాసేపూ జడ్జమ్మ తల్లి నిద్రపోయేది. రాత్రంతా ఆమెవి కోడికునుకులే. పిల్ల తనంతట తాను పక్కకి తిరగలేదు కాబట్టి తిప్పుతూ ఉండాలి. ఊపిరి చప్పుడు మారితే లేవాలి, మారకపోయినా లేచి చూడాలి. అక్క గుమ్మంలో కాలు పెట్టిందంటే తల్లి వెనకగదిలో నరికిన చెట్టులా పడిపోయేది. ఆ ఇల్లు నడిచింది ఆ పొద్దుటి నిద్ర మీదే. మేస్త్రీకి అది తెలుసు. తెలిసీ చేశాడు.

కేంద్రం వాళ్ళు ఏడాదికోసారి వచ్చి చూసిపోతారు. సాయం ఇక్కడ కొనసాగించాలా, ఇంతకంటే ఇబ్బందుల్లో ఉన్న ఇంటికి మళ్ళించాలా అని తేల్చుకుంటారు. ఆ ఏడాది వాళ్ళు రావడానికి కొన్నాళ్ళ ముందు ఆసుపత్రి వరండాలో ఓ మాట జరిగింది. జడ్జమ్మ మేస్త్రీ భుజం మీద ఉంది, తల ఓ పక్కకి వాలి ఉంది. పక్క బల్ల మీదున్నావిడ తన పక్కావిడతో అంది, "చూడమ్మా, గుడ్డబొమ్మలా ఎలా వేలాడుతోందో." జాలిగానే అంది. మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. ఊళ్ళోవాళ్ళ బరువంతా మోసే సీట్లు కుడతాను, నా కూతురు మాత్రం వేలాడుతోంది అనుకున్నాడు. అది అతని బుర్రలో మేకులా దిగిపోయింది.

కేంద్రం వాళ్ళు ఫలానా రోజు వస్తున్నారని కబురు రాగానే మేస్త్రీ షెడ్డులో ఓ కుర్చీ మొదలుపెట్టాడు. భోజనాల వేళ తినడం మానేసి దాని పని మీదే కూర్చున్నాడు. వీపుకి దళసరి చెక్క. దానికి అటూ ఇటూ గట్టి స్పాంజి చుట్టిన చెక్క రెక్కలు రెండు, సరిగ్గా పక్కటెముకలకి ఆనేట్టు. తల వెనక దొన్నెలాంటి గుంట, నుదుటికి మెత్తని పట్టీ. నడుముకో బెల్టు, గౌను కిందకి పోయి కనబడకుండా. అన్నింటి మీదా మెత్తటి స్పాంజి ఓ పొర, ఆ పైన నీలం రేగ్జిను. పైకి చూస్తే మామూలు కుర్చీ, కాస్త ముచ్చటైన కుర్చీ, అంతే.

గుర్రు పెట్టిన డ్రైవరే వచ్చి అడిగాడు, "ఏం మేస్త్రీ, ఇది ఏ బస్సుకి?"

"మా ఇంటి బస్సుకి."

"టికెట్టెంతో?"

"జడ్జిగారికి పాసుంది లేవయ్యా."

ఇంటికి తెచ్చి కూతుర్ని అందులో కూర్చోబెట్టాడు. బెల్టు బిగించాడు. నుదుటి పట్టీ జుట్టు కింద దాచాడు. జడ్జమ్మ నిలబడింది, అంటే కూర్చునే నిలబడింది. మెడ ఎత్తి, వెన్ను నిలిపి. కిటికీ ఎదురుగా పెడితే వీధి కనిపించింది. మంచం మీదనుంచి ఆ కిటికీలో ఆకాశం ముక్క తప్ప ఏమీ కనపడదు.

"నాన్నా, నేను పొడుగయ్యానా?"

"అయ్యావు తల్లీ."

"ఎదురింటి వాళ్ళ తలుపు ఆకుపచ్చదా? నేను నల్లదనుకున్నాను." కాసేపు చూసి తీర్పు చెప్పింది. "కుర్చీ బాగుంది. కండక్టరే లేడు."

మేస్త్రీ పొంగిపోయాడు. ఆ పొంగులో కూతురు మాట మధ్యలో ఓసారి ఊపిరి ఆపి మళ్ళీ తీసుకోవడం గమనించలేదు.

భార్య తలుపు పక్కన నిలబడి చూసింది. "బాగుంది. నిజంగా బాగుంది. కానీ ఏమండీ, కేంద్రం వాళ్ళొచ్చే రోజు మాత్రం మంచం మీదే ఉండనిద్దాం. రోజూ ఎలా ఉంటుందో అలాగే చూడనీండి."

"అంటే, ఇల్లు చిందరవందరగా పెట్టి, బిడ్డని ముద్దలా పడేసి, చూడండి బాబూ మా బతుకు అని చూపించాలా? మనమేమన్నా అడుక్కుంటున్నామా?"

మర్నాడు ఆమే ఇల్లు కడిగింది. దుప్పట్లు మార్చింది. కఫం లాగే మిషను మీద పువ్వుల గుడ్డ కప్పింది. తను ఉతికిన చీర కట్టుకుని, కళ్ళ కింద నల్లటి చారలకి పౌడరు అద్దుకుంది. ఆ పిచ్చి అతనొక్కడిదే కాదు. గడప దాటి మనిషి వస్తున్నాడంటే బతుకుని మడత పెట్టి బీరువాలో తోసేయడం ఆ ఇంట్లో ఇద్దరికీ అలవాటే.

కేంద్రం నుంచి వచ్చినాయన కళ్ళజోడు పెట్టుకున్న నెమ్మదస్తుడు. వస్తూనే అడిగాడు, "ఎలా ఉన్నారండీ అందరూ?"

"మీ దయవల్ల బాగున్నాం సార్" అన్నాడు మేస్త్రీ. ఎవరడిగినా అదే అంటాడు. టీ కొట్టువాడు అడిగినా, షెడ్డు యజమాని అడిగినా అదే. అది జవాబు కాదు, మర్యాద. కళ్ళజోడాయన దాన్ని జవాబుగా రాసుకున్నాడు.

"పాప ఇలాగే కూర్చోగలుగుతోందా?"

"చూస్తున్నారుగా సార్."

"చాలా చక్కగా కూర్చుంది. తినడం అదీ?"

"కాస్త నిదానం సార్, అంతే."

జడ్జమ్మ తల్లి నోరు తెరిచింది. "రాత్రుళ్ళే అండీ, కొంచెం…"

మేస్త్రీ అందుకున్నాడు. "పిల్లలున్న ఇళ్ళలో రాత్రుళ్ళు ఎవరికి తప్పుతాయి సార్. అలవాటైపోయింది."

ఆమె నోరు మూసుకుంది. ఆ నోరు మూసుకోవడం మేస్త్రీకి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది.

కళ్ళజోడాయన కుర్చీ ముందు వంగాడు. "ఏం పాపా, బాగున్నావా?"

"కూర్చున్నాను" అంది జడ్జమ్మ.

ఆయన నవ్వాడు. "భలే మాటకారి." మంచినీళ్ళు తాగి, వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

వీధి మలుపు తిరిగేదాకా మేస్త్రీ గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాగానే జడ్జమ్మ అడిగింది, "వెళ్ళిపోయాడా నాన్నా?"

"వెళ్ళిపోయాడమ్మా."

"అయితే ఇంక పడిపోవచ్చా?"

మేస్త్రీ ఫక్కున నవ్వాడు. బెల్టు విప్పాడు. పిల్ల తడిసిన గుడ్డలా వచ్చి భుజం మీద పడింది. అప్పుడు నవ్వినందుకు తర్వాత ఎన్నిసార్లు తనని తాను తిట్టుకున్నాడో లెక్కలేదు.

కొన్నాళ్ళకి అక్క వచ్చి, పని అంతా అయ్యాక, చేతులు తుడుచుకుంటూ చెప్పింది. "రేపట్నుంచి నన్ను వేరే ఇంటికి వేశారు చెల్లీ. ఇక్కడ పాప నిలకడగా ఉంది, మీరే చూసుకోగలుగుతున్నారు అని రాశారట. నేను చెప్పాను, రోజూ చేసేదాన్ని నాకు తెలుసు కదా అని. నీ మాట రాసే చోటు ఇందులో లేదమ్మా అన్నారు."

అక్క కుర్చీ వైపు నడిచి రేగ్జిను మీద చెయ్యి ఆనించి చూసింది. "చాలా బాగా కుట్టావు తమ్ముడూ" అంది. మెచ్చుకుందో చెంప పగలగొట్టిందో మేస్త్రీకి అర్థం కాలేదు. తల ఎత్తి ఆమె మొహం చూసే ధైర్యం లేకపోయింది.

ఆ తర్వాత ఇల్లు పక్కకి ఒరిగిన బండిలా నడిచింది. పొద్దున్న మేస్త్రీయే హడావుడిగా స్నానం చేయించి, కిటికీ ముందు కుర్చీలో కూర్చోబెట్టి వెళ్ళేవాడు. షెడ్డుకి ఆలస్యం. "సీట్లు నిన్ను చూసి నిలబడతాయా మేస్త్రీ, నువ్వు వాటిని కుట్టాలి గానీ" అని యజమాని సన్నగా సాధించేవాడు. భార్యకి పొద్దుటి నిద్ర పోయింది. ఆమె పొయ్యి మీద గిన్నె పెట్టి మర్చిపోయేది. మాట మధ్యలో ఆగి, ఏమంటున్నానో చెప్పండి అని అడిగేది. ఒక్కనాడు కూడా "నేను ముందే చెప్పాను కదా" అనలేదు. అనుంటే మేస్త్రీ కాస్త తేలికపడేవాడు.

కేంద్రానికి వెళ్ళి నిజం చెప్పేయాలని రోజూ అనుకునేవాడు. వెళ్ళి ఏమని చెప్పాలి? మిమ్మల్ని మోసం చేశానండీ అనా? మొహం చెల్లేది కాదు. రేపు వెళ్దాం అనుకునేవాడు. ఆ రేపు రాకుండా రోజంతా సీట్లు కుట్టేవాడు.

ఓ సెలవు రోజు పొద్దున్న తీరుబడిగా కూతురికి స్నానం చేయిస్తుంటే, చంక కింద, పక్కటెముకల మీద, అటొకటి ఇటొకటి ఎర్రగా కమిలిన మచ్చలు కనిపించాయి. ఒకచోట తోలు లేచింది. మచ్చలు రెండూ రెక్కల కొలతే. ఆ కొలత తీసింది తనే.

"ఇదేంటమ్మా?"

"ఏం లేదు."

"ఎప్పట్నుంచి?"

జడ్జమ్మ నీళ్ళ వైపు చూసింది. "నొప్పి కుర్చీ వచ్చినప్పట్నుంచి. మచ్చలు ఈమధ్యే."

"మరి చెప్పవేం?"

"నువ్వు సంతోషంగా ఉన్నావుగా."

మేస్త్రీ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. పదేళ్ళ పిల్ల తన తండ్రి మురిపెం చెడిపోకూడదని నొప్పిని నమిలి మింగింది. ఎక్కడ నేర్చుకుంది ఇది? ఎక్కడో ఎందుకు, ఈ ఇంట్లోనే. బాగున్నాం సార్ అని గుమ్మంలో నిలబడి చెప్పేవాడి దగ్గర నేర్చుకుంది. గుడ్డ తీసుకుని మెల్లగా తుడిచాడు. కుర్చీని గోడ వైపు తిప్పి, మీద దుప్పటి కప్పాడు. అప్పుడైనా కేంద్రానికి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు.

వెళ్ళేలా చేసింది ఓ మధ్యాహ్నం. భోజనానికి ఇంటికొచ్చాడు. తలుపు తీసే ఉంది, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. లోపల భార్య నేల మీద కూర్చుని మంచం పట్టెకి తల ఆనించి నిద్రపోతోంది. చేతిలో గిన్నె, గిన్నెలో చెంచా. మంచం మీద దిండ్లకి ఆనించిన కూతురి తల ముందుకి వాలిపోయి, గడ్డం ఛాతీలో కూరుకుపోయి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. కిందనుంచి పైకి, వస్తున్న తండ్రినే చూస్తున్నాయి. తల ఎత్తలేదు, పిలవలేదు, చూడటం ఒక్కటే చేయగలదు.

ఒక్క అంగలో వెళ్ళి తల ఎత్తి పట్టుకున్నాడు. ఊపిరి లోపలికి పోతూ ఈల వేసినట్టు చప్పుడైంది. పక్కకి తిప్పి, అక్క తట్టినట్టే గుల్లచేత్తో వీపు తట్టాడు. గొంతులో ఇరుక్కున్న మెతుకు బయటికొచ్చింది. నీలం నెమ్మదిగా వదిలింది. ఆ నెమ్మదిలో మేస్త్రీకి తన బతుకంతా కనపడిపోయింది.

గిన్నె దొర్లిన చప్పుడుకి భార్య లేచింది. చూసింది. అర్థం చేసుకుంది. "నిద్రపోయాను" అంది. "తినిపిస్తూ నిద్రపోయాను. ఏ తల్లయినా తినిపిస్తూ నిద్రపోతుందా? నేనే చంపేసేదాన్ని."

"నువ్వు కాదు. ఆ కుర్చీ కుట్టింది నేను. నీ నోరు నొక్కింది నేను."

"ఇల్లు సర్ది, మిషను మీద గుడ్డ కప్పింది నేను కదండీ. పౌడరు రాసుకుంది నేను."

"నేను గంట కొట్టాల్సింది" అంది జడ్జమ్మ, గాలిని ముక్కలు ముక్కలుగా పీల్చుకుంటూ. చేతి దగ్గర ఓ చిన్న గంట కట్టి ఉంటుంది, వేలితో కదిపితే మోగుతుంది. "అమ్మ నిద్ర చెడుతుందని కొట్టలేదు. ఎన్నాళ్ళకో పడుకుంది కదా."

తల్లి ఏడ్చింది. తండ్రి తల గోడకి ఆనించాడు. ముగ్గురూ ఎవరి తప్పు వాళ్ళు లాక్కుంటున్నారు, ఆస్తి పంపకాల్లో వాటా కోసం కొట్లాడుకున్నట్టు.

"ఆగండి" అంది జడ్జమ్మ. ఊపిరి కూడదీసుకుంది. "ఇది కేసు. నేను చెప్తాను."

అలవాటు ప్రకారం ఇద్దరూ ఆగారు.

"అమ్మ నిద్రపోయింది. నిద్రొస్తే ఎవరైనా పోతారు. అమ్మని వదిలేశాను. నాన్న కుర్చీ కుట్టాడు, అబద్ధం చెప్పాడు. నాన్నకి శిక్షుంది, తర్వాత చెప్తాను. నేను గంట కొట్టలేదు. నాకూ శిక్షుంది, ఇకనుంచి కొడతాను." మళ్ళీ ఆగి ఊపిరి తీసుకుంది. "కానీ ఇంకొకాయన రాలేదు. ఆయన మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. అందరూ వస్తేగానీ కేసు తేలదు. ఆయన్ని పిలిపించండి."

"ఎవర్నమ్మా?"

"కళ్ళజోడాయన్ని. ఆయన నన్ను బాగున్నావా అనడిగాడు. కూర్చున్నాను అన్నాను. దానికి నవ్వాడు." కళ్ళు తండ్రి వైపు తిప్పింది. "అదే నాన్నా నీ శిక్ష. వెళ్ళి నిజం చెప్పి తీసుకురా."

మేస్త్రీ ఆ కుర్చీని భుజానికెత్తుకుని బయల్దేరాడు. దార్లో టీ కొట్టువాడు కేక వేశాడు, "ఏం మేస్త్రీ, కుర్చీ అమ్మకానికా?"

"సాక్ష్యానికి."

కేంద్రంలో కళ్ళజోడాయన బల్ల దగ్గరే ఉన్నాడు. మనిషిని గుర్తుపట్టి నవ్వాడు. "రండి మేస్త్రీగారూ. పాప బాగుందా?"

బాగుంది సార్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. ఎన్నేళ్ళ అలవాటో కదా, దానికి దారి తెలుసు. మేస్త్రీ దాన్ని గుటక వేసి మింగాడు.

"బాగోలేదు సార్."

ఆ మాట పైకి అనడం అతనికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"అదేంటండీ, ఆరోజు మీరే…"

"చెప్పాను. అబద్ధం చెప్పాను. మీరు చూసింది మా పాపని కాదు, దీన్ని." కుర్చీ కింద పెట్టి, జేబులోంచి పని కత్తి తీసి, రేగ్జినుని పైనుంచి కిందకి చీరేశాడు. మెత్తటి స్పాంజి చేత్తో పీకి పారేశాడు. చెక్క రెక్కలు రెండూ పళ్ళలా బయటపడ్డాయి. "ఇదిగో మీకు కనబడిన వెన్ను. ఇవి ఎక్కడ ఆనాయో అక్కడ మా పాపకి తోలు లేచింది. ఇవి తీసేస్తే పాప పడిపోతుంది. నిన్నగాక మొన్న కాదు, ఇవాళ, తల ముందుకి పడి ఊపిరి ఆగబోయింది. పక్కనే వాళ్ళమ్మ నిద్రపోతోంది. నిద్రపోక ఏం చేస్తుంది సార్."

పక్క బల్లల దగ్గర రాత ఆగిపోయింది. కళ్ళజోడాయన వంగి ఓ రెక్కని వేలితో తాకాడు. వెంటనే వేలు వెనక్కి తీసుకున్నాడు.

"ఇది లోపల ఉందని మాకెలా తెలుస్తుందండీ?"

"తెలియదు. పాపని లేపి చూపించమంటే తెలిసేది. మా ఆవిడ రాత్రుళ్ళు అని మొదలుపెట్టినప్పుడు, నేను అడ్డం పడితే, మీరు నన్నాపి ఆమెని అడిగితే తెలిసేది. అక్కని అడిగితే తెలిసేది."

"చూడండి, తప్పుడు సమాచారం ఇచ్చారని పైవాళ్ళంటే మీకే ఇబ్బంది."

"శిక్ష నాకు వేయండి. అక్కని మా ఇంటికి పంపండి."

కళ్ళజోడాయన గొంతు తగ్గించి అన్నాడు, "ఆవిణ్ణి ఇప్పుడు వేసిన ఇంట్లోనూ ఓ బాబున్నాడు మేస్త్రీగారూ. గొట్టంతో ఊపిరి తీసుకుంటున్నాడు. ఇన్నాళ్ళూ వాళ్ళకి ఎవరూ లేరు."

మేస్త్రీ కుర్చీ వీపు పట్టుకున్నాడు. అంటే తను ఇప్పుడు అడుగుతున్నది ఇంకో బిడ్డ దగ్గర్నుంచి లాక్కురమ్మనా? అక్క అక్కడుండటం వల్ల ఈ పూట ఏ తల్లికి కాస్త కునుకు పట్టిందో. ఒక్క క్షణం, కుర్చీ ఎత్తుకుని వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాడు. తప్పు తనదే కదా, మోద్దాం అనుకున్నాడు. పాత అలవాటు మళ్ళీ భుజమెక్కబోయింది.

అప్పుడు నీలం పెదాలు గుర్తొచ్చాయి. వెళ్ళి నిజం చెప్పి తీసుకురా అన్న మాట గుర్తొచ్చింది.

"ఆ బాబు దగ్గర్నుంచి తీయొద్దు" అన్నాడు. "వాళ్ళింట్లో అక్క ఉండాలి. మా ఇంట్లోనూ ఉండాలి. ఒక్క అక్కని పెట్టి, మీలో మీరు ఎవరు ఎక్కువ చస్తున్నారో తేల్చుకోండి అని మా మధ్య పడేస్తే ఎలా సార్? అందుకే కదా మేం మీ ముందు నాటకాలాడేది. ఇంకో మనిషిని పెట్టండి."

"అది నా చేతుల్లో లేదు. పైవాళ్ళని అడగాలి."

"అడగండి. నేనిక్కడే ఉంటాను."

కూర్చోమని ఎవరో బల్ల చూపించారు. మేస్త్రీ కూర్చోలేదు. చీరిన కుర్చీ పక్కనే నిలబడ్డాడు. కళ్ళజోడాయన ఫోను ఎత్తాడు.

ఆ ఇంటికి వచ్చి నీళ్ళు తాగి వెళ్ళిందీ మీరే, ఆ ఫోను అవతల ఉన్నదీ మీరే, ఆ కేంద్రమంతా మీరే. మీరేం చెప్పబోతున్నారో తెలుసు. తర్వాతి విడతలో చూద్దాం అంటారు. వద్దు. ఆ పిల్ల ఊపిరికి తర్వాతి విడత లేదు. ఇప్పుడే లేవండి. ఆ ఇంటికి ఇవాళే మనిషిని పంపండి, రాసుకునేదేదో తర్వాత రాసుకుందురు. ఆ బాబు దగ్గర్నుంచి తీసి పంపకండి, కొత్తగా పెట్టి పంపండి. ఇకమీద ఏ ఇంటికి వెళ్ళినా కబురు పెట్టి వెళ్ళకండి, స్నానం వేళకి వెళ్ళండి, అర్ధరాత్రి పక్క మార్చే వేళకి వెళ్ళండి. తండ్రి మాట్లాడుతుంటే ఆపి తల్లిని అడగండి. బిడ్డని ఎత్తి, ఆ బరువు మీ భుజం మీద పడనివ్వండి. రోజూ చేసే మనిషి మాట రాసే చోటు మీ కాగితంలో లేకపోతే ఆ కాగితం మార్చండి. అన్నిటికంటే ముందు ఆ తల్లిని నిద్రపోనివ్వండి. అక్కడ జడ్జమ్మ తలని ఓ చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో కళ్ళు నులుముకుంటూ ఆమె కూర్చుని ఉంది. వెళ్ళి ఆ తలని మీరు పట్టుకోండి.